బాత్ సాల్టా, ఫిజ్ పౌడరా, బాత్ బాంబా? మన బకెట్‌కీ మన గాలికీ ఏది నప్పుతుంది

బాత్ సాల్ట్ అంటే స్నానం నీళ్లలో కలుపుకునే ఉప్పు, ఫిజ్ పౌడర్ అంటే నీళ్లు తగలగానే బుస్సుమని బుడగలొచ్చే పొడి, ఆ పొడినే ఉండలా అచ్చు పోస్తే బాత్ బాంబ్. ఇంట్లో ఇవి చేసుకునేవాళ్ల దగ్గర వినపడే ఫిర్యాదులు తిప్పి తిప్పి రెండే. సీసాలో పోసిన ఉప్పు వారం తిరక్కుండానే గడ్డ కట్టేసిందని ఒకటి. ముచ్చటపడి చేసిన బాత్ బాంబ్ నీళ్లలో వేస్తే బుస్సుమనకుండా ఊరికే అడుగున కూర్చుందని ఇంకొకటి. రెండింటికీ మూలం తేమే. వీడియోల్లో చూపించే కొలతలు చాలావరకు సరైనవే. కానీ అవి ఎక్కువగా గాలి పొడిగా ఉండే ఊళ్లలో, బాత్‌టబ్ ఉన్న ఇళ్లలో పుట్టినవి. వాటినే జులైలో కాకినాడలో, బకెట్ స్నానం చేసే ఇంట్లో యథాతథంగా పాటిస్తే సామాను దండగవుతుంది.

అందుకే ఏది చేసుకోవాలో తేల్చుకునే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ నీళ్లు దేంట్లో పోస్తున్నాం? ఈ నెలలో మా ఊళ్లో గాలి ఎంత చెమ్మగా ఉంది? కొలతల సంగతి ఆ తర్వాత.

బకెట్, కాళ్ల టబ్బు, బాత్‌టబ్

బకెట్‌తో, మగ్గుతో స్నానం చేసేవాళ్లకి బాత్ సాల్ట్ వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఇది నానడం కోసం చేసింది. మగ్గుతో పోసుకున్న నీళ్లు ఒంటి మీద నిలవవు కదా. పైగా ఉప్పు నీళ్లలో సబ్బు సరిగ్గా నురగ రాదు, మళ్లీ మామూలు నీళ్లతో కడుక్కోవాల్సి వస్తుంది. ఫిజ్ అయితే ఇంకా వృథా. బకెట్లో వేసిన నిమిషం, రెండు నిమిషాల్లో బుడగలు అయిపోతాయి, మీరు మగ్గు ముంచేసరికి మిగిలేది కాస్త సోడా నీళ్లే.

మన ఇళ్లకి కుదిరేది కాళ్లు నానబెట్టుకునే టబ్బు. ఎనిమిది, పది లీటర్లు పట్టే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు ఉంటే చాలు, పావుగంట హాయిగా కూర్చోవచ్చు. రోజంతా నిలబడి పనిచేసే టీచర్లకి, షాపుల్లో చేసేవాళ్లకి, వంటగదిలోనే పొద్దు గడిచిపోయేవాళ్లకి ఇది నిజంగా సుఖం. కాళ్ల టబ్బుకి బాత్ సాల్ట్ బాగుంటుంది, ఫిజ్ పౌడర్ సరదాగా ఉంటుంది, బాత్ బాంబ్ మాత్రం అనవసరపు శ్రమ. గుండ్రంగా అచ్చు పోసి, ఎండబెట్టి, పగలకుండా కాపాడి, చివరికి పది లీటర్ల నీళ్లలో వేయడం కోసం అంత తంటా దేనికి?

బాత్‌టబ్ ఉన్నవాళ్ల సంగతి వేరు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో అపార్ట్‌మెంట్‌లో ఉండే మన పిల్లలకి టబ్ ఎలాగూ ఉంటుంది, చలికాలం హీటర్ వల్ల ఇంట్లో గాలి పొడిబారి ఉంటుంది. బాత్ బాంబ్ చేయడానికి అంతకన్నా అనువైన పరిస్థితి ఉండదు. అది పుట్టింది కూడా అలాంటి చల్లటి దేశంలోనే. ఇంగ్లండ్‌లో లష్ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన మో కాన్‌స్టంటైన్ 1989లో దీన్ని తయారుచేశారు. అయితే నీళ్లు చిమ్మే జెట్‌లు ఉన్న టబ్ అయితే ఉప్పు, నూనె, పూరేకులు ఏవీ వేయకండి. పైపుల్లో ఇరుక్కున్నవి తీయడం కష్టం.

ఇంకో జాగ్రత్త మన ఇళ్లకే ప్రత్యేకం. చాలామంది నీళ్లు కాచుకునేది హీటర్ రాడ్‌తో. రాడ్ నీళ్లలో ఉండగా ఉప్పు గానీ సోడా గానీ వేయకండి. ఉప్పు నీళ్లలో కరెంటు మామూలు నీళ్లకన్నా తేలిగ్గా పారుతుంది, రాడ్ లోహం కూడా తుప్పు పడుతుంది. ముందు స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, రాడ్ బయటికి తీసి, నీళ్లు టబ్బులోకి మార్చుకున్నాకే కలపండి. ఇత్తడి, రాగి, అల్యూమినియం పాత్రలు దీనికి పనికిరావు.

ఏ ఉప్పు తీసుకోవాలి

ఎప్సమ్ సాల్ట్ అని అమ్మేది మెగ్నీషియం సల్ఫేట్. పేరులో సాల్ట్ ఉన్నా మనం తినే ఉప్పుకీ దీనికీ సంబంధం లేదు. ఇంగ్లండ్‌లో ఎప్సమ్ అనే ఊరి ఊటనీళ్లలోంచి తీసినందుకు ఆ పేరొచ్చింది. దీని గురించి ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే సగం సమస్యలు తీరినట్టే. ఈ స్ఫటికాల బరువులో సగం నీరే ఉంటుంది. చేత్తో పట్టుకుంటే పొడిగా అనిపిస్తుంది గానీ, వంద గ్రాముల ఎప్సమ్‌లో దాదాపు యాభై ఒక్క గ్రాములు స్ఫటికంలో బంధించి ఉన్న నీరు. సుమారు 48 డిగ్రీలు దాటితే ఆ నీరు కొంచెం కొంచెంగా బయటికి రావడం మొదలవుతుంది. మే నెలలో రెంటచింతలలో డాబా మీద ఎండబెట్టినా, ఒవెన్‌లో పెట్టినా జరిగేది అదే. పైన తెల్లటి పొడి తేలుతుంది, లేదా తన నీళ్లలోనే తాను చెమ్మగిల్లి, చల్లారాక ఒకే ముద్దగా బిగుస్తుంది. ఎప్సమ్‌ని ఎప్పుడూ వేడిచేసి ఆరబెట్టకండి.

గల్లుప్పు, తెలంగాణలో దొడ్డుప్పు, దీనికి పూర్తిగా ఎదురు. దీన్ని వేడిచేసే వాడాలి. మన తీరంలో నౌపడలోనూ చినగంజాంలోనూ ఉప్పు మళ్లలో తీసే గల్లుప్పులో అసలు ఉప్పుతోపాటు కొంత మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. శుద్ధమైన ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే గానీ నీరు లాగి కరగడం మొదలుపెట్టదు. మెగ్నీషియం క్లోరైడ్ అయితే 33 శాతం దగ్గరే మొదలుపెడుతుంది. వానాకాలంలో ఉప్పు జాడీ అడుగున నీళ్లు ఊరేది అందుకే. కాబట్టి మందపాటి మూకుడులో సన్న మంట మీద ఐదారు నిమిషాలు వేయించండి. గల్లు లోపల చిక్కుకున్న నీరు ఆవిరై చిటపటలాడుతూ ఎగురుతుంది, మూత అడ్డం పెట్టుకోండి. చప్పుడు ఆగాక దింపి, పూర్తిగా చల్లారాకే మిగతా వాటితో కలపండి. గోరువెచ్చగా ఉండగా ఎప్సమ్‌లో కలిపితే పైన చెప్పిన గొడవ మళ్లీ మొదటికొస్తుంది.

సైంధవ లవణం, అంటే గులాబీ రంగు ఉప్పు, సీసాలో చూడ్డానికి బాగుంటుంది. నీళ్లలో వేశాక ఆ రంగు కనపడదు. అందులో అత్యధిక భాగం మామూలు సోడియం క్లోరైడే, గులాబీ రంగు ఇనుము వల్ల వచ్చింది. ఎవరికైనా బహుమతిగా ఇవ్వడానికైతే కొనండి, మీ కాళ్లకైతే అక్కర్లేదు. డెడ్ సీ ఉప్పు అని ఖరీదైన ప్యాకెట్లు వస్తున్నాయి. నిజమైనదైతే అందులో మెగ్నీషియం క్లోరైడ్ భారీగా ఉంటుంది, అంటే మన తీరప్రాంతంలో ప్యాకెట్ తెరిచిన రోజు నుంచే చెమ్మ. ఏసీ గదిలో దాచుకోగలిగితే తప్ప దాని జోలికి పోవద్దనే నా సలహా.

కొనే చోటు గురించి కూడా ఒక మాట. మెగ్నీషియం సల్ఫేట్ ఎరువుల షాపులోనూ దొరుకుతుంది, చవగ్గానే. పంటలకు వేసే సరుకది. ఒంటికి తగలడానికి కావలసిన శుద్ధత దానికి ఉండాలన్న నియమం లేదు. మెడికల్ షాపులో ఐ.పి. (ఇండియన్ ఫార్మకోపియా, అంటే మందుల నాణ్యత ప్రమాణం) అని రాసి ఉన్న ప్యాకెట్ తీసుకోండి. కాస్త ఎక్కువైనా నష్టం లేదు.

కాళ్ల టబ్బుకి నాకు నచ్చిన పాళ్లు ఇవి: ఎప్సమ్ 200 గ్రాములు, వేయించి చల్లార్చిన గల్లుప్పు 100 గ్రాములు, వంటసోడా రెండు టేబుల్ స్పూన్లు. ఇది మూడుసార్లకి వస్తుంది, ఒక్కోసారికి ఎనిమిది లీటర్ల గోరువెచ్చని నీళ్లు. తీరప్రాంతంలో ఉండి, అది వానాకాలమైతే గల్లుప్పు మానేసి ఎప్సమ్ ఒక్కటే వాడినా ఏ లోటూ ఉండదు.

గడ్డ కట్టేసిన సీసాని పారేయక్కర్లేదు. వాసన బాగానే ఉండి, బూజు లేకపోతే గరిటె వెనకతో పొడిచి వాడుకోవచ్చు. ఉప్పు గుణమేమీ పోలేదు, ఆకారమే మారింది. గడ్డ కట్టడం మళ్లీ మళ్లీ జరుగుతుంటే మాత్రం నీరు ఎక్కడినుంచి వస్తోందో వెతకండి. చాలాసార్లు దొరికే దొంగలు గ్లిజరిన్, రోజ్ వాటర్, తడి చెంచా, ఎండీ ఎండని నిమ్మతొక్క. గ్లిజరిన్ చర్మానికి మంచిదని అందరూ ఓ స్పూను వేస్తారు, గాలిలో తేమని లాక్కోవడమే దాని పని కాబట్టి ఉప్పు సీసాలో అది ఉండకూడదు.

బుస్సుమనడం వెనక లెక్క

ఫిజ్‌కి కావలసింది రెండు పొడులు, వంటసోడా, నిమ్మ ఉప్పు. నిమ్మ ఉప్పు అంటే సిట్రిక్ యాసిడ్. పొడిగా ఉన్నంతసేపు పక్కపక్కనే మౌనంగా ఉంటాయి. నీరు తగలగానే కలిసి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, ఆ వాయువే బుడగలు. ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఈ చర్యలో వాయువుతోపాటు కొత్తగా నీరు కూడా పుడుతుంది. అంటే ఒక మూల రెండు చుక్కలు పడితే అక్కడ చర్య మొదలై నీరు పుడుతుంది, ఆ నీరు పక్కనున్న పొడిని తడుపుతుంది, అక్కడ మళ్లీ నీరు పుడుతుంది. ఒకసారి మొదలైందంటే తనంతట తాను పాకుతుంది. "కొంచెమే తడి తగిలింది కదా, తెల్లారేసరికి మొత్తం ఎలా పోయింది?" అనే ప్రశ్నకి జవాబు ఇదే. ఒక చోట ఉబ్బడం కనపడగానే ఆ భాగాన్ని చుట్టూ రెండు వేళ్ల మేర తీసి అవతల పడేయండి, మిగతాది దక్కవచ్చు.

పాళ్ల విషయానికొస్తే, ఎక్కువమంది చెప్పేది బరువులో రెండు వంతుల సోడాకి ఒక వంతు నిమ్మ ఉప్పు. నిజానికి 100 గ్రాముల నిమ్మ ఉప్పు పూర్తిగా ఖర్చవడానికి దాదాపు 130 గ్రాముల సోడా చాలు. 200 వేస్తే 70 గ్రాములు మిగిలిపోయి నీళ్లని కాస్త క్షారంగా చేస్తుంది. మన చర్మం స్వభావం కొద్దిగా ఆమ్లం వైపు. అప్పుడప్పుడు వాడితే ఫర్వాలేదు గానీ, స్నానం తర్వాత చర్మం లాగినట్టు, పొడిబారినట్టు అనిపించేవాళ్లు 150కి 100 వేసుకోండి. ఫిజ్ ఏమాత్రం తగ్గదు, మిగిలే సోడా బాగా తగ్గుతుంది. 130 కంటే కిందికి మాత్రం దిగకండి, ఆమ్లం మిగిలితే మంట పెడుతుంది. కప్పులతో కాకుండా చిన్న వంటింటి త్రాసుతో తూచండి. పొడి సోడా, గరుకు నిమ్మ ఉప్పు ఒకే కప్పులో ఒకే బరువు తూగవు.

ఫిజ్ రాలేదంటే మొదట చూడాల్సింది మీరు వేసింది వంటసోడాయేనా అని. బేకింగ్ పౌడర్ వేస్తే అందులో పిండీ, వేరే ఆమ్లమూ ముందే కలిసి ఉంటాయి, బుడగలు నీరసంగా వస్తాయి. బట్టల సోడా వేస్తే అసలు ప్రమాదం. అది చాలా ఘాటైన క్షారం, చర్మాన్ని కాల్చినట్టు మండిస్తుంది. డబ్బా మీద సోడియం బైకార్బొనేట్ అని ఉంటేనే వాడండి, సోడియం కార్బొనేట్ అని ఉంటే బట్టలకే. రెండు పేర్లకీ తేడా ఒక్క అక్షరం, ఫలితానికి తేడా చాలా. అన్నీ సరిగ్గానే ఉన్నాయనుకుంటే ఒక చెంచా మిశ్రమాన్ని గ్లాసుడు నీళ్లలో వేసి చూడండి. జోరుగా పొంగితే పొడి బాగున్నట్టే, తక్కువ వేసుకున్నారు. తుస్సుమంటే సీసాలోనే ఖర్చయిపోయింది, దాన్ని బతికించే మార్గం లేదు.

నిమ్మ ఉప్పు బదులు నిమ్మరసం వాడొచ్చా అని తప్పకుండా అడుగుతారు. వాడలేం. నిమ్మరసంలో ఎక్కువ భాగం నీరే, కలిపిన గిన్నెలోనే తంతు ముగుస్తుంది. వెనిగర్ కూడా అంతే. క్రీమ్ ఆఫ్ టార్టార్ వాడొచ్చు, అది బాత్ బాంబ్‌ని గట్టిగా నిలబెడుతుంది. కానీ నీళ్లలో నెమ్మదిగా కరుగుతుంది, ఫిజ్ మందగిస్తుంది, బేకరీ సామాన్ల షాపులో దాని ధర చూస్తే మనసు మారుతుంది. నిమ్మ ఉప్పే మేలు. గరుకుగా ఉంటే పూర్తిగా ఆరిన మిక్సీ జార్‌లో తిప్పండి. మూత తీసేముందు ఓ నిమిషం ఆగండి, ఆ దుమ్ము ముక్కులోకి, కళ్లలోకి పోతే విలవిల్లాడిపోతారు.

అసలు ఫిజ్ మీకు నచ్చుతుందో లేదో తెలుసుకోవాలంటే ఈ సరంజామా ఏదీ కొనక్కర్లేదు. వంటింట్లో ఉండే మామూలు ఈనో ప్యాకెట్లోనూ ఉండేవి ప్రధానంగా ఇవే, సోడా, సిట్రిక్ యాసిడ్. ఒక ప్యాకెట్ కాళ్ల టబ్బులో వేసి చూడండి. "ఇంతేనా" అనిపిస్తే బాత్ సాల్ట్‌తో ఆగిపోండి, డబ్బు మిగులుతుంది.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఫిజ్ పౌడర్‌కి ఒక నిజమైన లాభం ఉంది. చర్య తర్వాత నీళ్లలో మిగిలే సోడియం సిట్రేట్ గట్టి నీటిలోని కాల్షియాన్ని పట్టుకుంటుంది, సబ్బు తెట్టు తక్కువ కడుతుంది. బోరు నీళ్లలో వంటసోడా ఒక్కటే వేస్తే తెల్లగా మసకబారొచ్చు. అది నీళ్లలోని కాల్షియం తెల్లగా విడిపోవడమే, కాళ్లకి హాని లేదు.

అచ్చు పోయాలనే పట్టుదల ఉంటే

సరే, పిల్లల పుట్టినరోజుకో, ఎవరికైనా ఇవ్వడానికో బాత్ బాంబే కావాలనుకున్నారు. హైదరాబాద్ అయితే ఫిబ్రవరి నుంచి మే మధ్య, గాలి పొడిగా ఉండే రోజు ఎంచుకోండి. విశాఖ, మచిలీపట్నం, నెల్లూరు లాంటి చోట్ల ఏ నెలైనా ఏసీ గదే దిక్కు. ఏసీ గాలిలోని నీటిని లాగేస్తుంది కాబట్టి గంట ముందే వేసి పెట్టండి. ఫ్యాన్ ఒక్కటే వేస్తే చెమ్మ గాలిని ఇంకా ఎక్కువగా మీద పోసినట్టే.

పాళ్లు: సోడా 200, నిమ్మ ఉప్పు 100, కార్న్‌ఫ్లోర్ 50 గ్రాములు, ఏదైనా నూనె రెండు టీస్పూన్లు. ఇందులో ఎప్సమ్ కలపకండి. అన్ని వీడియోల్లోనూ కలుపుతారు, తెలుసు. సగం నీరున్న స్ఫటికాల్ని ఈ రెండింటి మధ్య పెట్టి మన ఎండల్లో ఉంచితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఎప్సమ్ కావాలంటే స్నానం నీళ్లలో విడిగా వేసుకోండి.

తడి ఎంత ఉండాలో చెప్పడానికి మనకి సున్నుండల కన్నా మంచి కొలమానం లేదు. పిండి చూడ్డానికి పొడిగానే ఉంటుంది, గుప్పిట బిగిస్తే ఉండ నిలుస్తుంది, వేలితో నొక్కితే రాలకుండా రెండు ముక్కలుగా విరుగుతుంది. అదే పట్టు కావాలి. నీళ్లతో ఈ పట్టు తేవడం మన వాతావరణంలో జూదమే. స్ప్రే బాటిల్‌లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి రెండు మూడు పిచికారీలు కొట్టి, కలిపి, మళ్లీ చూసి కొట్టండి. లేబుల్ మీద 90 శాతం పైన ఉన్నది తీసుకోండి. 70 శాతంది అయితే మిగతా ముప్పై నీరే. హ్యాండ్ శానిటైజర్ పనికిరాదు, అందులో నీరూ గ్లిజరినూ రెండూ ఉంటాయి. ఈ పని గ్యాస్ స్టవ్ దగ్గర అసలు చేయకండి, ఆల్కహాల్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. సిలికాన్ కప్‌కేక్ అచ్చులు తేలిక. అల్యూమినియం ఇడ్లీ రేకులు మాత్రం వద్దు, నిమ్మ ఉప్పు వాటిని తినేస్తుంది.

ఆరాక కనపడే లోపాల్ని బట్టి కారణం పట్టుకోవచ్చు. పైన మొటిమల్లాంటి బుడిపెలు లేస్తే తడి ఎక్కువైంది, లేదా గదిలో చెమ్మ ఉంది. అచ్చులోంచి ఉబ్బి బయటికొస్తే లోపల చర్య నడుస్తూనే ఉందన్నమాట. నడుమ చీలితే పొడిని గుండ్రటి అచ్చు రెండు అర్ధభాగాల్లోనూ సరిగ్గా కూరలేదు, లేదంటే మెత్తగా ఉండగానే తీశారు. ముట్టుకుంటే రాలిపోతే తడి చాలలేదు, అలాంటిది విరిచి, ఒక పిచికారీ కొట్టి, మళ్లీ అచ్చు పోయొచ్చు. ఉబ్బినదానికి ఆ అవకాశం లేదు. నీళ్లలో తేలుతుందా మునుగుతుందా అని టెన్షన్ పడేవాళ్లుంటారు. అది ఎంత గట్టిగా నొక్కారన్నదాన్ని బట్టి ఉంటుంది, ఫిజ్‌కి దాంతో పనిలేదు.

కొబ్బరినూనెతో బాంబ్ గట్టిపడుతుందని విదేశీ రెసిపీలు చెబుతాయి. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. డిసెంబరులో ఆదిలాబాద్‌లో ఆ మాట నిజం కావచ్చు, ఏప్రిల్‌లో విజయవాడలో అది ద్రవమే. చర్మానికి నునుపు కోసం వేసుకోండి, గట్టిదనం దాని నుంచి ఆశించకండి. ఎంత తక్కువ నూనె అయినా టైల్స్ జారతాయి, నీళ్లు పారబోశాక నేల సబ్బుతో కడగండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే నూనె లేకుండానే చేయడం మంచిది.

ఇదంతా చదివాక అచ్చు అక్కర్లేదనిపిస్తే అవే పాళ్లు, నూనె ఒక స్పూనుకి తగ్గించి, పొడిగానే సీసాకెత్తండి. ఇదే ఫిజ్ పౌడర్. స్ప్రే లేదు, ఆరబెట్టడం లేదు, బుడగలు అవే. కాళ్ల టబ్బుకి మూడు టేబుల్ స్పూన్లు చాలు. నన్నడిగితే మూడింట్లో శ్రమకి తగ్గ ఫలితం ఇచ్చేది ఇదే. కాకపోతే పక్షం రోజులకు సరిపడానే చేసుకోవాలి, వానాకాలంలో అయితే ఏ పూటకి ఆ పూటే.

రంగు, వాసన

పసుపు వేద్దామనే ఆలోచన మనవాళ్లందరికీ వస్తుంది. పసుపు క్షారం తగిలితే ఎరుపు తిరుగుతుంది, హారతి పళ్లెంలో పసుపు, సున్నం కలిపితే ఎర్రనీళ్లు అయ్యేది అందుకే. సోడా సున్నమంత ఘాటు కాదు కాబట్టి కుంకుమ రంగు రాకపోయినా ఇటుక రంగు వైపు వెళ్తుంది. పైగా టబ్బుకీ గోళ్లకీ తువ్వాలుకీ పట్టి వదలదు. రంగు లేకుండానే చేసుకోవడం ఉత్తమం. తప్పదంటే సబ్బుల తయారీకి అమ్మే మైకా పొడి చిటికెడు. నీళ్లలో కరిగించి వాడే ఫుడ్ కలర్ వద్దు, మళ్లీ నీరే కదా.

ఎసెన్షియల్ ఆయిల్ ఉప్పులో కలిపితే నీళ్లలో కలిసిపోతుందనేది పెద్ద అపోహ. ఉప్పు కరుగుతుంది, నూనె పైకి తేలి నేరుగా చర్మానికి అంటుతుంది. మంట, దద్దుర్లు వచ్చేది ఆ చిక్కటి చుక్క వల్లే. కాళ్ల టబ్బుకి రెండు మూడు చుక్కలు దాటకుండా, వాటిని ముందు ఒక స్పూను వాసనలేని బాడీ వాష్‌లో కలిపి, అప్పటికప్పుడు నీళ్లలో వేయండి. లవంగం, దాల్చినచెక్క నూనెలు కాళ్ల టబ్బులోకి కూడా వద్దు. నిమ్మ నూనె రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలిపోవచ్చు. చిన్నపిల్లలున్న ఇంట్లో కర్పూరం వాడకండి, అది పసివాళ్లకి విషం, మూర్ఛ తెప్పించగలదు. వాసన కోసమే అయితే ఎండిన వట్టివేరు చిన్న గుడ్డమూటలో కట్టి గోరువెచ్చని నీళ్లలో వేయండి, సాయంత్రానికి అదే ఎక్కువ హాయి. ఎండిన గులాబీ రేకులు కూడా మూటలోనే ఉండాలి, విడిగా వేస్తే ప్లంబర్‌ని పిలవాల్సి వస్తుంది. పాలపొడి, సున్నిపిండి లాంటివి సీసాలో ముందే కలిపితే చెమ్మకి ముక్కవాసన వస్తాయి. వాడే రోజు వేసుకోండి.

వీళ్లు ఆగాలి

షుగర్ ఉన్నవాళ్లు కాళ్లు నానబెట్టుకోకపోవడమే మంచిది. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో తెలియదు, బొబ్బలెక్కాక గానీ బయటపడదు. నానిన చర్మం పగిలితే ఆ పుండు మానడం కష్టం. "మా అమ్మకి కాళ్ల మంటలు, ఎప్సమ్ పెడితే తగ్గుతుందా?" అని అడిగేవాళ్లకి, ముందు ఆవిడకి షుగర్ పరీక్ష చేయించమనే చెబుతాను. కాళ్ల మంటలు షుగర్ లక్షణం కూడా కావచ్చు. గర్భిణులు, గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు వేడి నీళ్లలో ఎక్కువసేపు కూర్చునే ముందు డాక్టర్‌ని అడగాలి. పుండ్లు, తామర, పగుళ్లు ఉన్నచోట ఉప్పు మండుతుంది. మొలలకి డాక్టర్లు చెప్పే గోరువెచ్చని నీళ్ల టబ్బులో వీటిలో ఏదీ కలపకండి. నెలల పిల్లల స్నానంలోనూ వద్దు.

ఎప్సమ్ నీళ్లలో కూర్చుంటే మెగ్నీషియం చర్మం గుండా ఒంట్లోకి దిగిపోతుందని ప్యాకెట్ల మీద రాస్తారు. దానికి గట్టి ఆధారాలు లేవు. కాళ్లకి తెలిసే హాయి చాలావరకు వేడినీళ్ల చలవే, ఆ పావుగంట ఎవరూ పిలవకుండా కూర్చోవడం వల్ల కొంత. అది తక్కువేమీ కాదు గానీ, మందు స్థానంలో దీన్ని పెట్టకండి.

దాచడం, ఇవ్వడం, అమ్మడం

బాత్ సాల్ట్‌కి గాజు సీసా, బిగుతు మూత, లోపల ఒక సిలికా జెల్ పొట్లం. బాత్రూమ్ అరలో కాకుండా బట్టల బీరువాలో పెట్టండి. రేకు డబ్బాలు తుప్పు పడతాయి. ఫిజ్ పౌడర్‌కి మాత్రం గాజు సీసా బిగించి పెట్టడం ప్రమాదం. లోపల ఐదు గ్రాముల నిమ్మ ఉప్పు చర్య జరుపుకున్నా దాదాపు రెండు లీటర్ల వాయువు పుడుతుంది, అది పోయేదారి లేకపోతే సీసా పగలొచ్చు. జిప్ కవర్‌లో కట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెడితే, కవర్ ఉబ్బినప్పుడు మీకే తెలిసిపోతుంది. చేసిన తేదీ, వేసిన సామాన్లు రాసి అంటించండి. బహుమతిగా ఇస్తుంటే ఇది తప్పనిసరి, తీసుకున్నవాళ్లకి ఏది పడదో మనకి తెలియదు కదా. పిల్లలకి అందకుండా పెట్టమని కూడా చెప్పండి, బాంబ్ అచ్చంగా మిఠాయిలాగే కనపడుతుంది.

బాగా కుదిరింది, ఇన్‌స్టాలో పెట్టి అమ్ముకుందాం అనుకునేవాళ్లకి: మన దేశంలో సౌందర్య సాధనాలు తయారుచేసి అమ్మాలంటే 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2020 కాస్మెటిక్స్ రూల్స్ కింద లైసెన్సు కావాలి. ఇంట్లో చేశాం, చిన్న ఎత్తున అమ్ముతున్నాం అంటే మినహాయింపు దొరకదు.

నానబెట్టిన నీళ్లు తులసికోటలోనో కరివేపాకు మొక్కకో పోయకండి, సోడియం మట్టిని పాడుచేస్తుంది. ఫిజ్ చచ్చిపోయిన పౌడర్ మిగిలితే వాష్‌బేసిన్, బాత్రూమ్ టైల్స్ రుద్దుకోవడానికి బాగా పనికొస్తుంది. మార్బుల్ మీద మాత్రం వద్దు, అందులో ఏమాత్రం నిమ్మ ఉప్పు మిగిలి ఉన్నా రాయి మెరుపు పోతుంది.